అన్నీ గ్రీనే, మార్కులే లేవు

మొన్న జనవరి నెలాఖర్లో మా అక్క ఫోన్ చేసింది. సొంతక్క కాదు, పెద్దమ్మ కూతురు, కానీ చిన్నప్పట్నుంచీ నా చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్న హక్కు ఉంది కాబట్టి సొంతక్క కంటే ఎక్కువే. "ఒరేయ్, ఆదివారం ఒకసారి ఇంటికి రారా. మీ బావ పిల్లాడికి టెంత్ రివిజన్ ప్లాన్ వేశారు. వాడు ప్లాన్ ప్రకారం అన్నీ చదువుతున్నాడు. మార్కులు మాత్రం రావట్లేదు. ఎక్కడ తేడా కొడుతోందో కాస్త చూడు" అంది.

శుక్రవారం రాత్రి క్లయింటు నుంచి వచ్చే ఫోన్ కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. డాష్ బోర్డు మొత్తం గ్రీన్, యూజర్లు మాత్రం అప్లికేషన్ పని చెయ్యట్లేదని గోల. సరే, ప్రొడక్షన్ ఇష్యూ కదా అని నిజాంపేట వెళ్ళాను.

మా బావ ఒక కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. నేను వెళ్ళి చెప్పులు విప్పేలోపే లాప్ టాప్ ని టీవీకి తగిలించాడు. యాభై అయిదు అంగుళాల తెర మీద ఎక్సెల్ షీటు! ఫైలు పేరు చివర వెర్షన్ ఆరు అని ఉంది. ఎడమ పక్క చాప్టర్లు, పైన రౌండ్ ఒకటి, రౌండ్ రెండు అలా ఏడు వరకూ. అయిపోయిన గడి పచ్చగా మారిపోయేట్టు కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టాడు. డిసెంబరు మధ్యలో మొదలెట్టారట. ఒక్కో రౌండు పదకొండు రోజులు. లెక్కలకి మూడు రోజులు, సైన్సుకి మూడు, సోషల్ కి రెండు, తెలుగు, హిందీ, ఇంగ్లీషులకి రోజొకటి. మార్చి మొదటి వారానికి మొత్తం సిలబస్ ఏడు సార్లు తిరిగేస్తుంది. మూడు రౌండ్లు అప్పటికే అయిపోయాయి. టీవీ తెర చూస్తే వర్షాకాలంలో కోనసీమ లాగా ఉంది.

"ఎట్లా ఉంది బామ్మర్దీ?" అన్నాడు బావ. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక్క ప్రాజెక్టు కూడా మొదట చెప్పిన తేదీకి డెలివర్ చెయ్యలేదని ఆయనే ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పాడు నాతో. ఆ సంగతి అప్పుడు గుర్తు చెయ్యడం మర్యాద కాదని ఊరుకున్నాను.

మా మేనల్లుడు ఓ మూల సోఫాలో మిక్చర్ ప్లేటు పట్టుకుని కూర్చున్నాడు. వాడి జీవితం గురించి రివ్యూ మీటింగ్ జరుగుతుంటే వాడు మాత్రం ఆడియెన్స్ లో ఉన్నాడు. మెన్సురేషన్ చాప్టరు ఎదురుగా మూడు గళ్ళూ పచ్చగా ఉన్నాయి. అదే చాప్టరు మీద ఆ వారం స్కూల్లో పెట్టిన స్లిప్ టెస్టులో వాడికి 25కి 9 వచ్చాయి. ఆ తొమ్మిది కోసం షీటులో కాలమ్ లేదు. నేను ముందుగా గమనించింది అదే. ఎన్ని గంటలు, ఎన్ని పేజీలు, ఎన్ని రౌండ్లు, అన్నిటికీ కాలమ్ ఉంది. వచ్చిందా రాలేదా అన్నదానికి లేదు.

కాసేపయ్యాక బజ్జీలు తెస్తామని చెప్పి వాణ్ణి తీసుకుని కిందకి వచ్చాను. బండి దగ్గర నిలబడ్డాక మెల్లగా వాడే అన్నాడు, "చదువుతుంటే అన్నీ వచ్చినట్టే ఉంటాయి మావయ్యా. పేపరు చూస్తే ఒక్కటీ రాదు. నాకే బుర్ర లేదేమో."

పదిహేనేళ్ళ పిల్లాడు ఆ మాట ఏడుస్తూ అన్నా నేనింత కదిలిపోయేవాణ్ణి కాదు. వాడు చాలా మామూలుగా, బస్సు లేటు అన్నట్టు అన్నాడు. అంటే ఆ నిర్ణయానికి వచ్చేసి చాలా రోజులయింది అన్నమాట.

"అర్ధగోళం మొత్తం ఉపరితల వైశాల్యం ఎంతరా?" అన్నాను. వాడు కళ్ళు పైకెత్తి ఆలోచించాడు. "కుడి పక్క పేజీలో, కింద, బాక్సులో ఉంటుంది మావయ్యా... టూ పై ఆర్ స్క్వేర్." పేజీ గుర్తుంది, బాక్సు గుర్తుంది, లోపల ఏముందో తప్పు. బజ్జీలవాడు ఉల్లిపాయల మీద పిండడానికి నిమ్మకాయ సగానికి కోసి పెట్టుకున్నాడు. ఒక చెక్క అడిగి తీసుకుని వాడి చేతిలో పెట్టాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, కోసిన వైపు వేలితో రాసి, "ఓ... ఈ చదునుగా ఉన్నది కూడా కలపాలి కదా. ఇదొక పై ఆర్ స్క్వేర్. మొత్తం మూడు" అన్నాడు. ఇరవై సెకన్లు పట్టింది. బుర్ర లేని వాడైతే ఈ పని చెయ్యలేడు కదండీ! వాడికి బుర్ర ఉంది, ఆ షీటుకే లేదు.

అందుకే ఈ టపా. మన ఫీల్డులో ఉన్న అక్కలు, బావలు, అన్నలు, వదినలు, మీ ఇళ్ళలో కూడా ఇలాంటి షీటు ఒకటి ఉండే ఉంటుంది. కోప్పడకుండా చదవండి.

ఆఫీసులో ఎవడైనా డెవలపర్ వచ్చి "ఈ మాడ్యూల్ ని నేను ఏడుసార్లు చదివాను, బాగానే ఉన్నట్టు అనిపించింది, రిలీజ్ చేసేద్దాం" అంటే మీరేం చేస్తారు? ముందు నవ్వుతారు, తర్వాత "టెస్టు రన్ చేశావా?" అంటారు. అదే పెద్దమనిషి ఇంటికెళ్ళి కొడుకు పాఠాన్ని మూడుసార్లు చదివాడని గడికి పచ్చరంగు వేస్తాడు. పుస్తకం తెరిచి పెట్టుకుని చదువుతున్నంతసేపూ అన్నీ వచ్చినట్టే ఉంటుంది, ఎందుకంటే జవాబు కళ్ళెదురుగానే ఉంది. "నా సిస్టంలో వర్క్ అవుతోందండీ" అన్నట్టే ఇది కూడా. పరీక్ష హాల్లో ఆ సిస్టం ఉండదు.

ఇది నా సొంత కవిత్వం కాదు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కాలేజీ పిల్లలకి ఒక చిన్న వ్యాసం ఇచ్చి, ఒక గుంపు చేత నాలుగు విడతలూ చదివించారు. ఇంకో గుంపు చేత ఒక్క విడత చదివించి, మిగతా మూడు విడతలూ కాగితం ఇచ్చి గుర్తున్నది రాయమన్నారు. మొదటి గుంపు వాళ్ళు ఆ వ్యాసాన్ని సగటున 14 సార్లు చదివితే, రెండో గుంపు వాళ్ళు మూడు సార్లు పైచిలుకు మాత్రమే చదవగలిగారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివిన వాళ్ళదే పైచెయ్యి, 83 శాతం, రాసిన వాళ్ళకి 71. ఇక్కడితో ఆపేస్తే మా బావే కరెక్టు. కానీ వారం తర్వాత పరీక్ష పెడితే చదివిన వాళ్ళు 40 శాతానికి పడిపోయారు, రాసిన వాళ్ళు 61 దగ్గర నిలబడ్డారు. ఇంకో విచిత్రం ఏంటంటే, వారం తర్వాత నీకెంత గుర్తుంటుందని ముందే అడిగితే, చదివిన గుంపు వాళ్ళే ఎక్కువ ధీమాగా చెప్పారు. మా వాడి "అన్నీ వచ్చినట్టే ఉంటాయి మావయ్యా" ఆ ధీమానే. అందులో వాడి తప్పేం లేదు, మనుషులందరూ అంతే.

2013లో డన్లోస్కీ, ఇంకొందరు కలిసి ఇలాంటి చదివే పద్ధతులు పదింటిని తీసుకుని, వాటి మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టారు. బాగా ఉపయోగం అని తేలినవి రెండే. తనని తాను పరీక్షించుకోవడం ఒకటి, చదువుని రోజుల తేడాతో విడగొట్టుకోవడం ఇంకొకటి. మళ్ళీ మళ్ళీ చదవడం, హైలైటర్ తో గీతలు గీయడం అట్టడుగున ఉన్నాయి. హైలైటర్ కంపెనీలకి ఈ సంగతి ఇంకా చేరినట్టు లేదు, మా వాడి సోషల్ పుస్తకంలో గీత గీయని లైను వెతుక్కోవాలి :)

నిజం చెప్పుకోవాలి, ఒక్క విషయంలో బావ ప్లాన్ మంచిదే. పదకొండు రోజులకోసారి ప్రతి సబ్జెక్టూ తిరిగి వస్తోంది. చివరి వారంలో అన్నీ కుక్కే ప్లాన్ల కంటే ఇది వంద రెట్లు నయం. మర్చిపోవడం మొదలయ్యాక మళ్ళీ గుర్తు తెచ్చుకోవడంలోనే లాభం ఉందని ఎబ్బింగ్ హాస్ తన మీద తనే చేసుకున్న ప్రయోగాలు 1885లో అచ్చయిన కాలం నుంచీ తెలిసిన సంగతి. కాకపోతే తిరిగి వచ్చినప్పుడు ఏం చెయ్యాలన్నది షీటులో లేదు. మళ్ళీ చదవడమే. అదే పాఠం, అదే పేజీ, అదే హైలైటర్.

ఇంక లెక్కల సంగతి చూడండి. పద్నాలుగు చాప్టర్లు. రౌండుకి మూడు రోజులు, ఇంట్లో రోజుకి అయిదు గంటలు, వెరసి పదిహేను గంటలు. చాప్టరుకి గంట చిల్లర. ప్రాబబిలిటీ మా వాడికి కొట్టిన పిండి, దానికీ గంటే. త్రికోణమితి అంటే వణుకు, దానికీ గంటే. సర్వర్ల మీద లోడు ఇలా సమానంగా పంచే పని మీ టీంలో ఎవరైనా చేస్తే అప్రైజల్ లో ఏం రాస్తారో మీకు తెలుసు.

దానికి తోడు ఒక చాప్టరు మొత్తం ఒకేసారి. మెన్సురేషన్ గంటలో వరసగా పది శంకువులు, తర్వాత పది గోళాలు. శంకువుల దగ్గర కూర్చున్నవాడికి ఏ సూత్రం వాడాలో ఆలోచించే పనే లేదు, శీర్షికే చెప్తుంది. పరీక్షలో శీర్షిక ఉండదు. సరిగ్గా దీని మీదే రోరర్, టేలర్ అనే ఇద్దరు 2007లో ఒక పని చేశారు. కాలేజీ పిల్లలకి నాలుగు రకాల వింత ఆకారాల ఘనపరిమాణం కనుక్కోవడం నేర్పించారు. కొందరికి ఒక్కో రకం లెక్కలన్నీ వరసగా, కొందరికి నాలుగు రకాలూ కలగాపులగంగా. ప్రాక్టీసులో వరసగా చేసినవాళ్ళకి 89 శాతం కరెక్టు, కలిపి చేసినవాళ్ళకి 60. వారం తర్వాత పరీక్ష పెడితే వరస వాళ్ళకి 20, కలగాపులగం వాళ్ళకి 63! తిప్పి రాయలేదు, అక్షరాలా 20, 63. ప్రాక్టీసు సాఫీగా సాగడమే ఇక్కడ మోసం. మన స్టడీ అవర్లన్నీ ఆ సాఫీతనం కోసమే కట్టినవి.

ఇప్పుడు గంటల లెక్క. ఇది రాస్తుంటే నాకు కోపం వస్తోంది, కాబట్టి త్వరగా చెప్పేస్తా. పొద్దున్న నాలుగున్నరకి లేవడం, ఏడింటిదాకా చదువు. ఏడున్నర నుంచి సాయంత్రం ఏడున్నర దాకా స్కూలు. అవును, పన్నెండు గంటలు, టెంత్ పిల్లలకి "స్పెషల్ అవర్స్" అట. ఎనిమిదిన్నర నుంచి పదకొండు వరకూ మళ్ళీ చదువు. మిగిలింది గంటన్నర. అందులో స్నానం, తిండి, వ్యాను, అమ్మతో రెండు మాటలు. నిద్ర అయిదున్నర గంటలు. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికాలో నిద్ర వైద్యుల సంఘం 2016లోనే చెప్పింది. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. పగలంతా డేటా ఎక్కించి, రాత్రి కమిట్ అవ్వకుండా ప్లగ్ పీకేసినట్టు ఉంది మన వ్యవహారం. ఈ అయిదున్నర గంటల గడిని కూడా బావ పచ్చరంగులోనే వేశాడు.

"మేమంతా అలాగే చదివాం కదా, బాగుపడలేదా?" ఈ ప్రశ్న వస్తుందని తెలుసు, బావ కూడా అదే అడిగాడు. బాగుపడ్డ వాళ్ళమే కాబట్టి ఇక్కడ కూర్చుని ఈ ప్రశ్న అడుగుతున్నాం. అలాగే చదివి, నాకు బుర్ర లేదనుకుని ఆగిపోయిన మన క్లాసు వాళ్ళు మన వాట్సాప్ గ్రూపుల్లో ఉండరు. హోర్డింగు మీద ఫోటోలు ఎంతమందివి, క్లాసు రూముల్లో ఉన్నది ఎంతమంది?

నా సంగతే చెప్తాను. నేను 2012లో టెంత్ రాశాను, ఉమ్మడి రాష్ట్రం, పదకొండు పేపర్లు. హిందీ ఒక్కటే ఒక పేపరు, మిగతావన్నీ రెండేసి. గుంటూరు వైపు ఒక రెసిడెన్షియల్ స్కూలు, పేరొద్దులెండి. తెల్లారి అయిదింటికి స్టడీ అవర్. వార్డెన్ గారికి చదువుతున్న "శబ్దం" రావాలి. నూట ఇరవై మంది నూట ఇరవై పాఠాలు ఒకేసారి గట్టిగా చదివేవాళ్ళం. శబ్దం తగ్గితే బెత్తం వచ్చేది. నేను పెదాలు కదుపుతూ నిద్రపోవడం నేర్చుకున్నాను, ఆ విద్య ఇప్పటికీ స్టేటస్ కాల్స్ లో పనికొస్తోంది.

మరి నాకు మంచి గ్రేడు ఎలా వచ్చింది? చాలా ఏళ్ళు స్టడీ అవర్ వల్లే అనుకున్నా. పై ప్రయోగాల గురించి చదివాక వెలిగింది. రాత్రి పదింటికి లైట్లు ఆపేసేవాళ్ళు. నేను, పక్క మంచం వాడు నిద్ర పట్టక చీకట్లో ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కునేవాళ్ళం. "ప్లాసీ యుద్ధం ఎప్పుడు?" "ఆమ్లం, క్షారం కలిస్తే?" చీకటి కదా, పుస్తకం చూసే వీల్లేదు. ఛస్తే గుర్తు తెచ్చుకోవాల్సిందే. రాకపోతే పొద్దున్నే ముందు ఆ పేజీ తీసేవాళ్ళం. రోజూ ఇరవై నిమిషాలు ఆ ఆట. ఫీజు కట్టింది స్టడీ అవర్ కి, చదువు వచ్చింది లైట్లు ఆపేశాక!

"స్కూల్లో రోజూ స్లిప్ టెస్టులు పెడుతున్నారు కదరా, అది టెస్టింగ్ కాదా?" అంది అక్క. మంచి ప్రశ్న, నేను కూడా కాసేపు తడుముకున్నాను. టెస్టులు పెడుతున్న మాట నిజం. వాటితో ఏం చేస్తున్నారో చూడండి. మార్కులు సాయంత్రానికల్లా తల్లిదండ్రుల గ్రూపులో పడతాయి, ర్యాంకుల వారీగా. దిద్దిన పేపరు మాత్రం పిల్లాడి చేతికి రాదు. ఎక్కడ తప్పు చేశాడో వాడికి తెలియదు. తక్కువ వచ్చినవాళ్ళకి ఇంపోజిషన్, కరెక్టు జవాబు పదిసార్లు చూసి రాయాలి. అంటే గుర్తు తెచ్చుకునే పనిని మళ్ళీ కాపీ కొట్టే పనిగా మార్చేశారు. బగ్ రిపోర్టులో "బగ్ ఉంది, నువ్వు వేస్టు" అని మాత్రమే రాసి, ఏ లైనులో ఉందో చెప్పకుండా, మొత్తం కోడు పదిసార్లు టైపు చెయ్యమన్నట్టు. టెస్టు అంటే పిల్లాడికి సమాచారం కావాలి. దాన్ని శిక్ష చేసేశాం, అందుకే ఇంట్లో పుస్తకం మూసి తనని తాను అడుక్కోవడమంటే వాడికి భయం.

సరే, విమర్శలు ఎవడైనా చేస్తాడు, మరి ఏం చేశావంటారా? ఏం లేదు, ఆ ఆదివారం సాయంత్రం బావ పక్కన కూర్చుని ఒకే ఒక్క విషయం మార్చాను. గడి పచ్చగా మారాలంటే చదివితే చాలదు. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద ఆ చాప్టరులో గుర్తున్నవన్నీ రాసి, రెండు లెక్కలు చూడకుండా చేసి, తర్వాత పుస్తకం తెరిచి ఎర్రపెన్నుతో తనే దిద్దుకోవాలి. అదీ రెండు వేర్వేరు రోజుల్లో. అప్పటిదాకా ఎరుపే. వాణ్ణి అక్కడే కూర్చోబెట్టి లెక్కల చాప్టర్లు ఒక్కొక్కటీ అడిగితే, పద్నాలుగింట్లో నాలుగు మిగిలాయి పచ్చగా.

అక్క మొహం పాలిపోయింది. "ఉన్న గ్రీన్ అంతా చెడగొట్టావు కదయ్యా" అన్నాడు బావ. "నేనేం చెడగొట్టలేదు బావా, నిన్నటిదాకా కూడా నాలుగే ఉన్నాయి" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. విచిత్రం ఏంటంటే ఎరుపు చూసి కంగారు పడనిది మా మేనల్లుడు ఒక్కడే. "అయితే పదే కదా మావయ్యా ఉన్నవి" అన్నాడు. అప్పటిదాకా వాడికి మొత్తం సిలబస్ ఒకే చీకటిగది. ఇప్పుడు పది తలుపులకి నంబర్లు వేసినట్టయింది.

గంటల దగ్గర పెద్ద యుద్ధమే జరిగింది. స్కూలు పన్నెండు గంటల్ని మేం కదపలేం. ఇంట్లో లేవడం ఆరింటికి, పడుకోవడం పదింటికి అని నేను, అసంభవమని బావ. "సగం గంటలు తీసేస్తున్నావు, తేడా వస్తే ఎవరు బాధ్యత?" అన్నాడు. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. పిల్లాడు నా కొడుకు కాదు, మార్చిలో ఏదన్నా తేడా వస్తే నేను నా ఫ్లాటులో ఉంటాను, వాళ్ళు వాడి పక్కన ఉంటారు. నా దగ్గర గ్యారంటీ ఏం లేదని చెప్పాను. రెండు వారాలు చూడండి, స్లిప్ టెస్టు మార్కులు పెరగకపోతే పాత షీటే పెట్టుకోండి అన్నాను. అక్క ఒప్పుకుంది. అక్క ఒప్పుకుంటే బావ ఒప్పుకున్నట్టే.

ఇంకో రెండు చిన్న మార్పులు. వాడు తప్పు చేసిన ప్రతి లెక్కా, రాని ప్రతి ప్రశ్నా చీటీ మీద రాసి ఒక స్టీలు డబ్బాలో వెయ్యాలి. రోజూ రాత్రి కళ్ళు మూసుకుని అయిదు చీటీలు తియ్యాలి. ఏ చాప్టరు వస్తే అది. రెండు సార్లు కరెక్టుగా చేస్తే చీటీ వారం పాటు అటక మీదకి. జర్మన్ రచయిత లైట్నర్ 1972లో అట్టపెట్టెలతో చెప్పిన పద్ధతికి ఇది మా వంటింటి వెర్షన్. ఫోన్లో యాప్ ఉంది కదా అంటారు. ఉంది, నేను కూడా వాడతాను. కానీ పదో తరగతి పిల్లాడి చేతికి ఫోన్ ఇచ్చి చదువుకోమనడానికి నాకు ధైర్యం చాల్లేదు.

రెండోది, ఆదివారం మధ్యాహ్నం ఖాళీ. ఏమీ రాయలేదు ఆ గడిలో. బావకి ఖాళీ గడి అంటే దురద. దీనికీ ఒక లెక్క చూపించాల్సి వచ్చింది. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనేవాళ్ళు థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగితే, సగటున 34 రోజులు అన్నారట. అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులని అడిగితే 49 అన్నారు. చివరికి పట్టింది దాదాపు 56. మనిషి ఊహించే అధ్వాన్నం కూడా నిజం ముందు ఆశావాదమే. ఒక జ్వరం, ఒక మేనత్త కూతురి పెళ్ళి, ఒక కరెంటు కోత చాలు బావ షీటు మొత్తం కూలిపోవడానికి. కూలిన రోజు నుంచి పిల్లాడు వెనకపడ్డ లెక్కే చూసుకుంటాడు గానీ పాఠం చూడడు. "ప్రాజెక్టులో బఫర్ పెట్టవా బావా?" అంటే "పెడతాం, క్లయింటుకి చెప్పం" అన్నాడు. ఆ ఖాళీ గడి అలా నిలిచింది.

మొదటి వారం ఏం బాగాలేదు, అబద్ధం చెప్పను. పుస్తకం మూసి రాయడం వాడికి చిరాకు. పావుగంటలో నాలుగు లైన్లు వచ్చేవి. "పాతదే బాగుంది మావయ్యా, అప్పుడు కనీసం వచ్చినట్టు ఉండేది" అని రాత్రి మెసేజ్ పెట్టాడు. రోడిగర్ గారి 83, 71 గుర్తొచ్చి పట్టుబట్టాను. రెండో వారం మెన్సురేషన్ మీద మళ్ళీ స్లిప్ టెస్టు పెట్టారు. 25కి 17. పెద్ద వండర్ ఏం కాదు, ఇంటర్నెట్ లో చెప్పుకోదగ్గ విజయగాథ అసలే కాదు. సోషల్ ఇంకా అక్కడే కుంటుతోంది, హిందీ డబ్బా నిండిపోయింది. కానీ ఆ పదిహేడు వచ్చిన రోజు వాడు నాకు మార్కు చెప్పలేదు, పోయిన ఎనిమిదీ ఎక్కడ పోయాయో చెప్పాడు. పేపరు చేతికి రాకపోయినా ఇంటికొచ్చి గుర్తు తెచ్చుకుని మళ్ళీ రాసుకున్నాడట.

షీటు ఇప్పుడు వెర్షన్ తొమ్మిది. మార్కుల కాలమ్ పెట్టాడు బావ. నాతో అనలేదు గానీ, నాలుగున్నర అలారం మళ్ళీ మోగలేదని అక్క చెప్పింది.

పోయిన ఆదివారం వెళ్ళేసరికి ముగ్గురూ డైనింగ్ టేబులు దగ్గర ఉన్నారు, మధ్యలో స్టీలు డబ్బా. "మీ నాన్నని కూడా ఒకటి తియ్యమనరా" అన్నాను. బావ చెయ్యి పెట్టి చీటీ తీశాడు. వృత్తానికి బయటి బిందువు నుంచి గీసిన రెండు స్పర్శరేఖల పొడవులు సమానమని నిరూపించాలి. కాగితం తీసుకున్నాడు, గుండ్రంగా ఒక సున్నా చుట్టాడు, రెండు గీతలు గీశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చివరికి, "ఇది మా టైంలో లేదురా" అన్నాడు.

"ఉంది నాన్నా, అమ్మకి వచ్చు" అన్నాడు మా వాడు.